జలపాతాల యాత్ర – అర్ధశక్తి నియమం

వర్షఋతువు ప్రవేశించి వాగులు పొంగడం మొదలైన నాటి నుండి మా వైద్యశాలకు వచ్చే కుటుంబాల నోట ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తుంది. “ఆదివారం పిల్లలతో కలిసి కుంటాల జలపాతానికి వెళ్ళాలనుకుంటున్నాము. నాన్నగారిని కూడా తీసుకొని వెళ్ళవచ్చునా?” అని అడుగుతారు. ప్రక్కనే కూర్చున్న ఆ నాన్నగారు నా సమాధానం కొరకు వేచియుండరు. “నాకేమి, అలిపిరి నుండి 3550 మెట్లు ఎక్కినవాడిని” అని అందుకుంటారు.

తిరుమల మెట్లు ఎక్కినవాడు జలపాతానికి దిగి రాగలడని చెప్పుటకు వీలులేదు. ఈ రెండు యాత్రల స్వభావం పూర్తిగా వేరు. కొండమీది దేవాలయానికి వెళ్ళేవాడు తెల్లవారుజామున, తేలికైన కడుపుతో, అలసట లేని శరీరంతో ఎక్కడం ప్రారంభిస్తాడు. మధ్యలో ఆయాసం వస్తే ఆగుతాడు, మరీ కష్టమనిపిస్తే వెనుదిరుగుతాడు. వెనుదిరిగితే మిగిలినది దిగడమే. జలపాతం దగ్గర ఈ క్రమం తలక్రిందులవుతుంది. మొదట దిగుతాము. దిగడంలో ఆయాసం తెలియదు. నీటి హోరు వినిపిస్తూ ఉంటే పెద్దవారు సైతం చిన్నపిల్లలవలె గబగబ నడుస్తారు. స్నానం చేసి, తెచ్చుకున్న అన్నం తిని, కొంతసేపు నడుము వాల్చి, అప్పుడు ఎక్కడం మొదలుపెడతారు. శరీరం అన్ని విధాల బరువెక్కిన తరువాత అసలైన శ్రమ ఆరంభమవుతున్నదన్నమాట. అక్కడ వెనుదిరగడానికి కూడా దారి ఉండదు. వాహనం పైన ఉన్నది.

మన శాస్త్రంలో వ్యాయామానికి ‘అర్ధశక్తి’ అనే కొలత చెప్పబడినది. ఎవడైనా తన బలంలో సగం ఖర్చయ్యేంతవరకే శ్రమించవలెను. సగం ఖర్చయినదని తెలుసుకొనుటకు గుర్తులు కూడా సుశ్రుతాది ఆచార్యులు వివరించారు. నుదుటిమీద, ముక్కుమీద, చంకలలో చెమట పట్టడం, నోరు ఎండిపోవడం, ముక్కుతో చాలక నోటితో శ్వాస తీయవలసి రావడం ముఖ్యమైనవి. గురుకులంలో మా గురువుగారు మమ్మల్ని వనమూలికల సేకరణకు అడవికి తీసుకొని వెళ్ళినప్పుడు, ఎవరి ముక్కు కొన మీద చెమట బిందువు కనిపించినా అందరినీ ఆపివేసేవారు. అందరిలోకి బలహీనుడైన విద్యార్థి ముక్కే ఆనాటి మా నడకకు కొలబద్ద. మాలో బలవంతులకు అది విసుగు పుట్టించేది. ఇప్పుడు నేను మా మనవలకు అదే విసుగు పుట్టిస్తున్నాను.

ఈ నియమాన్ని జలపాతానికి ఎట్లా అన్వయించవలెనో చెబుతాను. అర్ధశక్తి లెక్క దిగేటప్పుడు కాదు, తిరిగి పైకి వచ్చి వాహనం ఎక్కేనాటికి పూర్తి కావలెను. ఆ సగంలో ఎక్కువ భాగం ఎక్కడానికే పోతుంది. అందుచేత నీటి దగ్గరకు చేరే సరికే ముక్కుమీద చెమట, నోట పిడచ కనబడినవారు తమ పాలు ఖర్చు చేసివేశారని గ్రహించవలెను. అటువంటివారు నీళ్ళలో దిగక, నీడలో కూర్చొని, మిగిలినవారికంటె ఒక గంట ముందుగా, నెమ్మదిగా తిరుగు ప్రయాణం ప్రారంభించడం మంచిది.

కుంటాలకు దిగే మెట్లు సుమారు 400. మన ఇండ్లలో ఒక అంతస్తుకు దాదాపు 20 మెట్లు ఉంటాయి. అంటే కుంటాల చూచి రావడమంటే ఇరవై అంతస్తుల మేడ దిగి, మళ్ళీ కాలినడకన ఎక్కడం. ఈ మాట చెప్పగానే మా వైద్యశాలలో అలిపిరి పెద్దమనుషులు కొంత ఆలోచనలో పడతారు. యాత్రకు పదిహేను రోజుల ముందు నుండి ప్రతి ఉదయం ఇంటిమెట్లు ఎక్కి దిగడం అభ్యాసం చేయండి. మూడంతస్తులు ఆగకుండా ఎక్కిన తరువాత ప్రక్కవారితో మామూలుగా మాట్లాడగలిగితే సరే. మాట తెగిపోతున్నా, గుండెలో బరువు, దవడ లాగడం, కళ్ళు తిరగడం వంటివి కనిపించినా, మెట్లు దిగే ఆలోచన మానుకొని ముందు వైద్యునికి చూపించుకోవలెను. పైనుండి చూచినా కుంటాల అందంగానే ఉంటుంది.

2024 అక్టోబరులో, విజయదశమి వెళ్ళిన వారంలో, మా తమ్ముని కుటుంబంతో కలిసి నేనూ నా అర్ధాంగీ ఆ వైపు వెళ్ళాము. హైదరాబాదు నుండి 44వ నెంబరు జాతీయ రహదారి మీద నిర్మల్ వరకు వెళ్ళి, ఆ రాత్రి అక్కడే బస చేశాము. ఒకే రోజులో వెళ్ళి రావచ్చునని మా తమ్ముని కుమారుడు పట్టుబట్టాడు గాని నేను ఒప్పుకోలేదు. కారులో కూర్చోవడం శ్రమ కాదని నేటివారు అనుకుంటారు. ఆయుర్వేదంలో అధ్వ, అనగా మార్గాయాసం, వాతాన్ని పెంచే కారణాలలో ఒకటి. కుదుపులు, కదలిక లేక కాళ్ళు వ్రేలాడవేసి కూర్చోవడం, గాలి, వేళతప్పిన భోజనం, నిద్రలేమి అన్నీ కలిసి కీళ్ళను, నడుమును పట్టివేస్తాయి. ఐదు గంటలు అట్లా కూర్చొని లేచినవాడు ఆ కాళ్ళతోనే నాలుగు వందల మెట్లు దిగితే మోకాలు ఊరుకొనదు. దిగేటప్పుడు పరీక్ష మోకాలికి, ఎక్కేటప్పుడు పరీక్ష గుండెకు.

దారిలో ప్రతి గంటన్నరకు ఒకసారి కారు ఆపించి అందరినీ నాలుగడుగులు నడిపించాను. దీనికి ఇంకొక కారణం ఉన్నది. మన స్త్రీలు ప్రయాణంలో మూత్రవిసర్జనకు తగిన చోటు దొరకదని నీళ్ళు త్రాగడమే మానివేస్తారు, వచ్చిన వేగాన్ని ఆపుకుంటారు. ఆపకూడని వేగాలు పదమూడింటిని చరకుడు వివరించాడు. వాటిలో మూత్రవేగం ఒకటి. యాత్ర నుండి వచ్చిన వారం రోజులలో మూత్రంలో మంట, పొత్తికడుపు నొప్పితో మా వద్దకు వచ్చే గృహిణుల సంఖ్య తక్కువ కాదు. సంకోచించక బండి ఆపించుకొనవలెను. ఇంటి పెద్ద తానే అడిగి ఆపించడం ఇంకా మర్యాద.

నిర్మల్ దాటిన తరువాత ఘాట్ దారి మలుపులలో పిల్లలకు వికారం రావచ్చును. చిన్న అల్లం ముక్కకు ఉప్పు అద్ది బుగ్గన పెట్టిస్తే చాలామందికి తగ్గుతుంది. ఖాళీ కడుపుతోగాని, నిండు కడుపుతోగాని ఘాట్ ఎక్కించరాదు.

మేము శరదృతువులో వెళ్ళడానికి కారణం కూడా చెప్పవలెను. శ్రావణ భాద్రపదాలలో జలపాతం మహోధృతంగా ఉంటుంది కాబట్టి అందరూ అప్పుడే పరుగెడతారు. వర్షఋతుచర్యలో వర్జించవలసిన వాటిని చూడండి. పగటినిద్ర, నదీజలం, వ్యాయామం, ఎండ, ఈ నాలుగూ ఆ జాబితాలోనివే. వానాకాలపు జలపాత యాత్ర ఈ నాలుగింటినీ ఒక్క పూటలో చేయిస్తుంది! ఆ ఋతువులో జఠరాగ్ని మందంగా ఉంటుంది, వాతం ప్రకోపిస్తుంది, నీరు మట్టితో, కుళ్ళిన ఆకులతో కలుషితమై ఉంటుంది. రాళ్ళమీద పాచి పెరిగి కాలు నిలువదు. ఎగువన ఎక్కడో కురిసిన వానకు ఇక్కడ క్షణాలలో ప్రవాహం పెరుగుతుంది. ఆశ్వయుజ కార్తికాలలో నీరు తేరుకుంటుంది. పగలు సూర్యకిరణాలతో వేడెక్కి, రాత్రి చంద్రకిరణాలతో చల్లబడి నిర్మలమైన ఆ నీటిని ‘హంసోదకం’ అన్నారు. స్నానానికి, పానానికి అది అమృతతుల్యమని శాస్త్రం. అయితే, పానం విషయంలో ఈనాడు ఆ మాటను అక్షరాలా తీసుకొనరాదు. ఎగువన ఊళ్ళున్నాయి, పశువులున్నాయి, పురుగుమందులు చల్లిన పత్తిచేలున్నాయి. నీరు ఎంత తేటగా కనబడినా కాచి చల్లార్చి తెచ్చుకున్నదే త్రాగవలెను. పాదాలకు పుండ్లు, పగుళ్ళు ఉన్నవారు ఆ నీటిలో దిగకుండా ఉండడం మేలు. ఎలుకల మూత్రంతో కలుషితమైన నీటి ద్వారా వచ్చే జ్వరాలు చర్మంలోని చిన్న చీలిక గుండా కూడా ప్రవేశిస్తాయి. శరత్తులో ఎండ పిత్తాన్ని రేపుతుంది కాబట్టి ఉదయం పది గంటలలోపు పైకి వచ్చేటట్లు చూచుకొనవలెను.

మరునాడు వేకువనే బయలుదేరి నేరడిగొండ మీదుగా ముందు కుంటాలకు చేరాము. కడెం నది ఇక్కడ సుమారు 147 అడుగుల ఎత్తు నుండి అంచెలంచెలుగా దూకుతుంది. టేకు చెట్ల మధ్య నుండి హోరు ముందు వినిపిస్తుంది, తెల్లని ధార తరువాత కనిపిస్తుంది. శకుంతల పేరుమీద ఈ జలపాతానికి ఆ పేరు వచ్చినదని స్థానికులు చెప్పుకుంటారు. శివరాత్రికి ఇక్కడి సోమేశ్వరుని సేవించుటకు జనం చేరుతారు. మా మరదలికి మోకాళ్ళ నొప్పులున్నాయి కాబట్టి ఆమె, ఆమెకు తోడుగా నా అర్ధాంగి పైనే ఆగిపోయారు. మేము చేతికర్రతో, మెట్టుకు రెండు పాదాలూ ఆనించుకుంటూ, నెమ్మదిగా దిగాము.

నీటి దగ్గరకు చేరగానే పిల్లలు చొక్కాలు విప్పడం మొదలుపెట్టారు. నేను వారించాను. వేడెక్కిన శరీరంతో, శ్రమతో చెమట పట్టి ఉండగా, హఠాత్తుగా చల్లని నీటిలో దిగడం, చల్లని నీరు త్రాగడం చర్మరోగాలకు హేతువులని చరకసంహిత కుష్ఠనిదానంలో చెప్పబడినది. ఈనాటి వైద్యులు అదే పనిని గుండె, శ్వాసల దృష్టితో వివరిస్తారు. హఠాత్తుగా తగిలిన చలికి రక్తనాళాలు ముడుచుకొని రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది, తెలియకుండానే పెద్దశ్వాస లోపలికి వస్తుంది. ముఖం నీటిలో ఉన్న క్షణంలో ఆ శ్వాస వస్తే ఈత వచ్చినవాడు కూడా నీరు మ్రింగుతాడు. చెమట పూర్తిగా ఆరేవరకు కూర్చోబెట్టి, తరువాత ఒడ్డునే చెంబుతో పాదాలు, చేతులు, ముఖం, ఆ పిమ్మట తల తడిపించాను. అంతకు మించి లోపలికి పోనివ్వలేదు. కుంటాల గుండాలలో మునిగి యువకులు మరణించిన వార్తలు పత్రికలలో పలుమార్లు వచ్చాయి. అక్కడి హెచ్చరిక పలకలు అలంకారానికి పెట్టినవి కావు. ధార క్రింద నిలబడాలన్న కోరిక కూడా మంచిది కాదు. నీటితో పాటు రాయీ, కొమ్మా రావచ్చును.

తిరిగి ఎక్కుతుండగా, సగం దారిలో, ఒక కుటుంబం ఆగి ఉండడం కనిపించినది. యాభై ఏండ్లకు పైబడిన గృహస్థు మెట్టుమీద కూర్చొని ఉన్నారు. కుమారుడు నిమ్మసోడా త్రాగించబోతున్నాడు. “గ్యాస్ పట్టినదండీ, త్రేన్పు వస్తే పోతుంది” అన్నారు ఆయన భార్య. నేను చేయి పట్టి చూచాను. ఒళ్ళంతా చల్లని చెమట, ముఖం పాలిపోయి ఉన్నది, నాడి నిలకడగా లేదు. అడిగితే, గుండెమీద బండ పెట్టినట్లున్నదని, ఎడమ భుజం, దవడ లాగుతున్నాయని చెప్పారు. నా సంచిలో శొంఠి ఉన్నది, హింగ్వాష్టక చూర్ణం ఉన్నది. అవి ఏవీ బయటకు తీయలేదు. అది అజీర్ణం కాదు, హృదయమర్మానికి వచ్చిన ఆపద. ఇటువంటి సమయంలో చూర్ణాలతో, సోడాలతో గడిపిన ప్రతి నిమిషమూ ప్రాణానికి నష్టమే.

ఆయనను ఒక్క మెట్టు కూడా ఎక్కనివ్వలేదు. వీపుకు ఆసరా ఇచ్చి కూర్చోబెట్టి, బొత్తాములు వదులు చేయించాను. క్రింద సెల్‌ఫోను పలుకనందున మా వాడు పైకి పరుగెత్తి 108కి కబురు చేశాడు. పైనున్న దుకాణం నుండి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, నలుగురు యువకులు దానిమీద ఆయనను మోసుకొని వచ్చారు. ఆ యువకులెవరో మాకు తెలియదు. ఆయన ఆదిలాబాదు ఆసుపత్రికి చేరారు. నెల తరువాత కుమారుడు ఫోను చేసి, రక్తనాళం మూసుకొని పోయినదని, హైదరాబాదులో స్టెంటు వేశారని, తండ్రి కోలుకుంటున్నారని తెలిపాడు. ఆ పూట జరిగినది వివరంగా అడిగాను. తెల్లవారుజామున బయలుదేరి, కారు దిగగానే మెట్లు దిగారు. చెమట ఆరకముందే నీళ్ళలో దిగారు. పులిహోర, పెరుగన్నం తిన్నారు. అరగంట కునుకు తీశారు. అప్పుడు ఎక్కారు. రక్తపోటుకు వాడే మాత్ర వేసుకుంటే దారిలో మాటిమాటికి మూత్రానికి వెళ్ళవలసి వస్తుందని ఆ ఉదయం మానివేశారట!

పాఠకులు ఈ క్రమాన్ని ఒకసారి గమనించండి. ఇందులో ఏ ఒక్క పనీ ఘోరమైన అపథ్యంగా కనిపించదు. మనమందరమూ చేసేవే. భుజించిన తరువాత స్నానం, శ్రమ రెండూ కూడవని మన పెద్దలు చెప్పిన మాటే. అన్నం తిన్నాక జీర్ణక్రియ కొరకు రక్తం కోష్ఠానికి చేరవలసి ఉండగా, కాళ్ళు, గుండె కూడా అదే సమయంలో దానిని కోరుతాయి. కాబట్టి భోజనపు క్యారియర్‌ను కారు డిక్కీలోనే ఉంచి దిగండి. తేలికగా ఏదైనా తిని దిగడం, చెమట ఆరాక స్నానం, ఎక్కడం, పైన అరగంట విశ్రాంతి, ఆ తరువాత భోజనం. ఈ వరుస మార్చకుండా ఉంటే సగం ప్రమాదం తొలగినట్లే. రోజూ వాడే మాత్రలు, అవి ఏ వైద్యవిధానానివైనా, యాత్ర రోజున మానరాదు. మధుమేహం ఉన్నవారు చక్కెర బిళ్ళలు జేబులో ఉంచుకొనవలెను.

ఎక్కేటప్పుడు ఇంకొక విషయం. శ్రమ వల్ల వచ్చే నిట్టూర్పును ఆపరాదు. ఇది కూడా ఆ పదమూడు వేగాలలో చేరినదే. దానిని బలవంతంగా బిగబట్టితే గుల్మం, హృద్రోగం, మూర్ఛ వస్తాయన్నారు. వెనుకవచ్చే పిల్లల ముందు ఆయాసం కనబడరాదని పెదవులు బిగించి ఎక్కే పెద్దలను చూచాను. నోరు తెరచి శ్వాసించండి, ముప్పై మెట్లకు ఒకసారి కూర్చోండి. ఇందులో అవమానం లేదు.

శ్రమను పోగొట్టే పది ద్రవ్యాలను చరకుడు ‘శ్రమహర’ గణంగా చెప్పాడు. ద్రాక్ష, ఖర్జూరం, సారపప్పు, రేగు, దానిమ్మ, అంజూర, ఫాల్సా, చెరకు, యవలు, షష్టిక ధాన్యం. సారపప్పు ఈ ఆదిలాబాదు అడవుల సొత్తే. గిరిజనులు వేసవిలో మొర్రిపండ్లు ఏరి ఆ గింజల నుండి తీస్తారు. మా ఇంటిలో చేసే పానకం ఇట్లా ఉంటుంది. ఎండుద్రాక్ష 50 గ్రాములు, విత్తులు తీసిన ఖర్జూరాలు ఆరు శుభ్రంగా కడిగి, కాచి చల్లార్చిన లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టవలెను. ఉదయం చేతితో గాక కవ్వంతో మెదిపి, వడగట్టి, ఒక దానిమ్మకాయ రసం, రెండు చిటికెల సైంధవలవణం, ఏలకుల పొడి కలపవలెను. పైకి వచ్చి ఊపిరి కుదుటపడ్డాక మనిషికి ఒక గ్లాసు చొప్పున మెల్లగా త్రాగవలెను. మధ్యాహ్నం దాటితే పారవేయాలి. మధుమేహులకు ఇది పనికిరాదు, వారికి చక్కెర లేని బార్లీజావ చాలు. వాంతులు విరేచనాలు పట్టుకుంటే ఓ.ఆర్.ఎస్. పొడియే ఉత్తమం. ఇక భోజనానికి మేము పెసరపప్పు పులగం, కరివేపాకు పొడి తీసుకొని వెళ్ళాము. శరత్తులో పెరుగు, అధికమైన పులుపు తగవు. యాత్రకు పులిహోర లేకపోవడమేమిటని నా అర్ధాంగి ఈనాటికీ అంటూనే ఉన్నది.

ఆ మధ్యాహ్నం పొచ్చెర చూచాము. అక్కడ దిగవలసిన మెట్లు తక్కువ గాని, ధార పడే గుండం చాలా లోతు. కాబట్టి దూరం నుండే నమస్కరించాము. పెద్దవారు ఉన్న కుటుంబాలు జలపాతాన్ని ఎన్నుకొనేటప్పుడు ఎత్తు, అందం మాత్రమే గాక మెట్ల లెక్క కూడా అడగవలెను. మాచర్ల దగ్గరి ఎత్తిపోతలను పైనున్న దర్శనస్థలం నుండి హాయిగా చూడవచ్చును. దాని గుండంలో మొసళ్ళున్నందున దిగాలన్న కోరికే కలుగదు. నల్లమలలోని మల్లెలతీర్థం కుంటాల జాతిదే. సుమారు 350 మెట్లు ముందు దిగి, తరువాత ఎక్కవలెను. శేషాచలం అడవులలోని తలకోనలో సిద్ధేశ్వరాలయం నుండి నడక ఎగువకు సాగుతుంది. అక్కడ అలిపిరి లెక్క కొంతవరకు పనిచేస్తుంది.

ఈ దారులలో కాలు బెణికితే వెంటనే నూనె రాసి మర్దన చేయరాదు. తడిగుడ్డ చుట్టి, కాలు ఎత్తుగా పెట్టి, బరువు మోపకుండా తీసుకొని రావలెను. పాము కాటు వేస్తే కోయడం, పీల్చడం, పసరు పోయడం అన్నీ మాని, కదలనీయక విషవిరుగుడు సూది ఉన్న ఆసుపత్రికి చేర్చవలెను. దానికి ఇంటివైద్యం లేదు.

ఇల్లు చేరిన రాత్రి, వేడినీటితో కాళ్ళు కడుగుకొని, గోరువెచ్చని నువ్వులనూనెతో అరికాళ్ళ నుండి మోకాళ్ళ వరకు పావుగంట పాదాభ్యంగం చేయించుకోండి. మొద్దుబారడం, బిగుసుకొనిపోవడం, అలసట తగ్గి నిద్ర చక్కగా పడుతుంది. మరునాడు రెండు పిక్కలూ సమానంగా నొప్పి పెడితే భయపడనవసరం లేదు, మూడునాలుగు రోజులలో తగ్గుతుంది. ఒక్క కాలి పిక్క మాత్రమే వాచి, వెచ్చగా ఉండి, నొక్కితే నొప్పి పెడుతుంటే మాత్రం ఆ కాలికి నూనె మర్దన చేయరాదు. చాలా గంటలు కారులో కదలక కూర్చున్నవారికి లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చును. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి స్కానింగ్ చేయించుకొనవలెను.